శిక్ష ముగిసినవాని ఓటు



రాయచూరు సీమలో ఓటు తాతలనాటి సొత్తు కాదు. 1948 వరకు ఈ ప్రాంతం నిజాము ఏలుబడిలో ఉన్నది. పాలకుని ఎన్నుకొనే హక్కు ఇక్కడి సామాన్యునికి లేదు. 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలలో, ఈ జిల్లా ఇంకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండగానే, కూలివాడూ జమీందారూ ఒకే వరుసలో నిలిచి ఓటు వేశారు. అంత ఆలస్యంగా లభించిన హక్కును ఎవరు, ఎప్పుడు, ఎందుకు పోగొట్టుకొంటున్నారో తెలిసికొనుట అవసరం.

జైలుకు పోయివచ్చినవానికి ఇక ఓటు లేదని చాలామంది నమ్మకం. చదువుకొన్నవారు సైతం అట్లే అనుకొంటారు. ఇది నిజం కాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షను 5వ ఉపసెక్షను చెప్పేది ఇంతే: కారాగారంలో ఉన్నవాడు గాని, పోలీసుల కస్టడీలో ఉన్నవాడు గాని ఓటు వేయరాదు. రాయచూరు కారాగారమైనా, బళ్లారి కేంద్ర కారాగారమైనా, గేటు దాటి బయటకు వచ్చినంతనే ఆ నిషేధం తొలగిపోతుంది. ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కరలేదు. ఎన్నికలలో లంచం వంటి కొన్ని నేరాలకు శిక్షపడినవారు మాత్రం ఆరేళ్లు ఓటు కోల్పోతారు. దానినైనా తొలగించే అధికారం ఎన్నికల సంఘానికి ఉన్నది. రెండేళ్లకు తగ్గని శిక్ష పడినవారు విడుదలైన తరువాత ఆరేళ్లవరకు పోటీ చేయలేకపోవటం వేరే సంగతి. పోటీ వేరు, ఓటు వేరు.

అమెరికాలో పరిస్థితి ఇట్లు లేదు. అక్కడ రాష్ట్రానికొక నియమం. ఫ్లోరిడాలో పెద్ద నేరాలకు శిక్ష అనుభవించినవారు ఇంటికి వచ్చినా ఓటుకు దూరంగానే ఉండేవారు. 2018 నవంబరులో ప్రజలే దాదాపు నూటికి 65 ఓట్లతో ఆ నిషేధాన్ని చాలావరకు సడలించారు. మరుసటి ఏడే అక్కడి శాసనసభ, జరిమానాలూ కోర్టు ఖర్చులూ చెల్లించినవారికే ఆ హక్కు అని షరతు పెట్టింది. చేతిలో డబ్బులేనివాడు మళ్లీ గడప వద్దనే ఆగిపోయాడు.

మన చట్టంలో అటువంటి షరతు లేదు. అయితే చట్టం ఇచ్చినదానిని ఓటర్ల జాబితా తీసివేయవచ్చు. గట్టు తగాదాలో శిక్షపడి నాలుగేళ్లు లోపలున్న రైతుకూలీని తలచుకొనండి. సింధనూరు, మాన్వి తాలూకాలలో తుంగభద్ర ఎడమ కాలువ వెంట వెలసిన క్యాంపులలో కుటుంబాలు పనిని బట్టి తావు మార్చుకొంటూ ఉంటాయి. భార్యాబిడ్డలు మరొక క్యాంపుకు పోతే, ఇంటింటికీ తిరిగే ఉద్యోగికి అతడు ఊరు విడిచినవానిగా కనబడతాడు. చట్ట ప్రకారం ఖైదీకి కారాగారం నివాసం కాదు. జైలులో ఉన్నంత మాత్రాన జాబితాలోని ఓటరు ఓటరు కాకుండా పోడని 2013లో చేసిన సవరణ కూడా స్పష్టపరచింది. ఆ మాట క్యాంపులోని ఇంటి వాకిలివరకు చేరిందా అన్నదే ప్రశ్న.

ఇంతకన్న బాధాకరమైనది విచారణ ఖైదీల గతి. 2022 చివరకు దేశంలోని ఖైదీలలో నలుగురికి ముగ్గురు తీర్పు రానివారే. నేరం రుజువు కాకపోయినా వారు ఓటు వేయలేరు. నేరం రుజువై, అప్పీలులో జామీను పొంది ఇంట ఉన్నవాడు మాత్రం నిశ్చింతగా వేస్తాడు. పూచీకత్తు ఇచ్చేవారు దొరకని బీదవాడు తన పేదరికానికే ఓటును చెల్లిస్తున్నాడన్నమాట! 1977లో మంగళూరు బిడ్డ జార్జి ఫెర్నాండెజ్ జైలులో ఉండే బీహారులోని ముజఫర్‌పూరులో మూడు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. లక్షలమంది ఓటు పొందదగిన ఆ ఖైదీకి స్వయంగా ఒక్క ఓటు వేసే హక్కును చట్టం ఇవ్వలేదు.

ఈ నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. స్వీయ ప్రవర్తన వల్ల జైలుపాలైనవాడు ఇతరులతో సమాన స్వేచ్ఛ కోరలేడనీ, ఖైదీలను పోలింగుకు తీసికొనిపోవుటకు పోలీసు బందోబస్తు చాలదనీ కారణాలు చూపింది. రెండవ కారణం నిలిచేది కాదు. ముందుజాగ్రత్త నిర్బంధంలో ఉన్నవారు నేటికీ తపాలా ఓటు వేస్తూనే ఉన్నారు; వారి వెంట బందోబస్తు నడవటం లేదు. మొదటి కారణం దోషులకు వర్తించవచ్చును గాని, న్యాయస్థానం ఇంకా దోషి అనని మనిషికి ఎట్లా వర్తిస్తుంది? దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1999లోనే ఖైదీలకు ఓటు ఏర్పాటు చేయుమని ఆదేశించింది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కారాదో పార్లమెంటు ఆలోచించవలసియున్నది.

అంతదాకా చేయదగిన పని చిన్నదే. ఈ పాఠశాలలో చదివి ఉపాధ్యాయులైనవారు, న్యాయవాదులైనవారు, పంచాయతీ సభ్యులైనవారు ఎందరో ఉన్నారు. విడుదలై ఊరు చేరినవాని పేరు జాబితాలో ఉన్నదో లేదో చూచి, లేకుంటే 6వ ఫారం నింపించి తహశీల్దారు కార్యాలయంలో ఇప్పించవచ్చును. నామినేషన్ల కడపటి తేదీ దాటితే ఆ ఎన్నికకు కొత్త పేరు చేర్చరు. జాబితాలో పేరు లేనివానిని, జేబులో గుర్తింపు కార్డు ఉన్నా, బూతు నుండి వెనుకకు పంపుతారు.