నేలను ప్రశ్నించు విద్య

గుంటూరునుండి తెనాలికి పోవు రైలుమార్గమున, వేజండ్లకు తరువాత, సంగం జాగర్లమూడి యను గ్రామము కలదు. అచ్చటి పొలములలో నిలిచి చూచినచో కనుచూపుమేర వరిచేలు, కాలువగట్లు, తాటిచెట్లు తప్ప వేరొకటి కనబడదు. పడమటి దిక్కున కొండవీటి కొండలు, ఉత్తరమున మంగళగిరి కొండ రాతినేలకు గుర్తులుగా నిలిచియున్నవి. తూర్పునకు, దక్షిణమునకు రేపల్లె, బాపట్లల మీదుగా సముద్రము వరకు ఉన్నదంతయు కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రుమట్టియు, కడలి పేర్చిన ఇసుకయును. ఇంత సమతలమైన నేల క్రింద సైతము గట్లును లోయలును దాగియున్నవని చెప్పినచో వినువారికి వింతగా తోచును. కాని అది నిజము.

కృష్ణా గోదావరీ డెల్టాల క్రింద ఈశాన్యమునుండి నైరృతికి సాగిన రాతిగట్లు కలవు. వానిలో ఒకదానికి భూగర్భ శాస్త్రజ్ఞులు బాపట్ల పేరు పెట్టిరి. మరియొకదానికి తణుకు పేరు పెట్టిరి. గట్ల నడుమ లోతైన పల్లములున్నవి. ఆ పల్లములలో వేలకొలది మీటర్ల మందమున బురదయు ఇసుకయు పేరుకొని, కోట్ల సంవత్సరముల కాలములో రాయిగా గట్టిపడినవి. ఆ బాపట్ల గట్టుపై ఎండ పడదు, వాన పడదు. దానిని ఎక్కినవారు లేరు, కన్నులార చూచినవారు లేరు. అయినను దాని పోకడ నేడు పటములలో గీయబడియున్నది. త్రవ్వకముందే నేలను ప్రశ్నించి, సమాధానము రాబట్టు ఈ విద్యకు భూభౌతిక సర్వే అని పేరు. ఆ విద్య యేమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో నేడు కొంత విచారింతము.

సంతలో కుండను కొనునపుడు మనము దానిని పగులగొట్టి చూడము. వ్రేలితో తట్టి చూతుము. ధ్వనిలోని తేడాను బట్టి లోపలి బీట తెలియును. భూభౌతిక సర్వేకు మూలసూత్రము ఇదియే. రాయికిని రాయికిని బరువులో తేడా కలదు. అయస్కాంత శక్తిలో తేడా కలదు. విద్యుత్తును పోనిచ్చుటలో తేడా కలదు. ప్రకంపనము సాగు వేగములో తేడా కలదు. సర్వేచేయువాడు నేలపై నిలిచి ఈ తేడాలనే కొలుచును. అతని పరికరమునకు బంగారమన్న తెలియదు, సీసమన్న తెలియదు. దానికి తెలిసినది తేడా యొక్కటియే. ఈ సంగతి మరువకున్నచో తక్కినదంతయు సుబోధకము.

ఈ విద్యలలో తొలిది అయస్కాంత పరీక్ష. ఉత్తర ఐరోపాలోని స్వీడను దేశమున 17వ శతాబ్దమునందే గని వెదకువారు దిక్సూచిని చేతబట్టి అడవులలో ఇనుపరాతికై తిరిగెడివారు. 1879లో రాబర్ట్ థాలెన్ అను స్వీడిష్ శాస్త్రజ్ఞుడు అయస్కాంతపు కొలతలతో ఇనుప ఖనిజమును శోధించు విధానమును గ్రంథముగా వ్రాసెను. మన దేశమునను ఒంగోలు చేరువ కొణిజేడు, మర్లపాడు కొండలలో మాగ్నెటైటు అను అయస్కాంతపు ఇనుపరాయి కలదు. అట్టి చోట మాగ్నెటోమీటరును పట్టుకొని నడచినచో అంకెలు వేగముగ మారును.

అయితే ఉత్తరదేశపు సూత్రమును ఉన్నదున్నట్లు మన నేలకు అన్వయింప వీలుకాదు. ధ్రువమునకు దగ్గరగా ఉన్న స్వీడనులో, కెనడాలో అయస్కాంతపు సూది ఇంచుమించు నిలువుగా వ్రాలును. కావున ఖనిజమునకు సరిగా పైననే కొలత శిఖరమునకు చేరును. మన గుంటూరు సీమ అయస్కాంత భూమధ్యరేఖకు చేరువ. ఇచ్చట సూది సుమారు 20 డిగ్రీలు మాత్రమే వ్రాలును. అందుచేత సాధారణముగా ఖనిజమునకు దక్షిణమున కొలత హెచ్చును, ఉత్తరమున తగ్గును. ఈ భేదమెరుగక హెచ్చు కనబడిన చోటనే బోరు దింపినవాడు ఖనిజమును తప్పించుకొని పోవును. పరికరము ఏ దేశమునుండి వచ్చినను, దాని అంకెలకు అర్థము చెప్పునది ఈ నేలయే.

రెండవది గురుత్వాకర్షణ పరీక్ష. భూమి వస్తువును లాగు బలము అన్నిచోట్ల ఒక్కటి కాదు. క్రింద బరువైన రాయి పైకి వచ్చిన చోట అది లవలేశము హెచ్చును; తేలికైన ఒండ్రు మందముగా ఉన్న చోట లవలేశము తగ్గును. గ్రావిమీటరు ఆ బలములో పదికోట్ల వంతు మార్పును సైతము పట్టగలదు. డెల్టా క్రింది గట్లను, పల్లములను మొదట ఎరుకపరచిన కొలతలలో ఇది ముఖ్యమైనది. ఇంత సూక్ష్మమైన పరికరమునకు అంతటి సేవయు కావలెను. దానిని ఒక మీటరు ఎత్తునకు లేపిన మాత్రముననే కొలత సుమారు 0.3 మిల్లిగాలు తగ్గును. 3 సెంటీమీటర్ల ఎత్తు తేడా వచ్చినను పరికరము గుర్తించును. కావున కాలువగట్టు మీద ఒక కొలత, పొలములో ఒక కొలత తీయవలసినచో, ముందుగా ఆ రెండు చోట్ల ఎత్తును లెవెలింగు చేసి తేల్చుకొనవలెను. ఈ పని చేయనిచో చూచునది భూగర్భము కాదు, కాలువగట్టు మాత్రమే.

మూడవది విద్యుత్ పరీక్ష. మన రైతులకు ఎక్కువ పరిచయమైనదియు ఇదియే. బోరుబావికి చోటు చూచునపుడు దీనినే వాడుదురు. నాలుగు ఇనుపకడ్డీలను ఒక వరుసలో నేలలో నాటుదురు. ఎండిన నేలయైనచో కడ్డీల మొదట ఉప్పునీరు పోయుదురు. వెలుపలి రెండు కడ్డీల గుండా విద్యుత్తును పంపి, లోపలి రెంటి నడుమ ఓల్టేజిని కొలుతురు. వెలుపలి కడ్డీలను దూరము జరిపిన కొలది విద్యుత్తు ఇంకను లోతునకు దిగును; లోతులోని పొరల నిరోధము తెలియును.

మంచినీరు నిండిన ఇసుకకు నిరోధము పదుల కొలది ఓం మీటర్లుండును. సముద్రపు నీటికి 0.2 ఓం మీటరు మాత్రమే. కనుక నిరోధము పడిపోయినచో ఉప్పునీరని తలచుట సహజము. కాని తడిసిన బంకమట్టికి కూడ నిరోధము తక్కువయే. రేపల్లె, బాపట్ల సీమలలో బంకమట్టియు కలదు, ఉప్పునీరును కలదు. ఒకే అంకెకు రెండు అర్థములు! మొదటి దానిని దాటి క్రిందికి పోయినచో మంచినీటి ఇసుక దొరకవచ్చును. రెండవ దానిని తోడినచో పొలము చవుడుబారును. అంకె రెండు చోట్లను ఒక్కటియే, ఫలితము వేరు. చేరువనున్న బావుల నీటిని రుచి చూచి, పాత బోర్లలో ఏ లోతున ఏ మట్టి వచ్చినదో అడిగి తెలిసికొననిదే దీనిని తేల్చుట దుర్లభము.

లోహముల వెదకులాటలోను ఈ చిక్కే కలదు. నేడు పల్నాడు జిల్లాలో ఉన్న అగ్నిగుండాల సీమ 2022 వరకు గుంటూరు జిల్లాలోనిది. అచ్చట బండ్లమోటు వద్ద సీసము, నల్లకొండ, ధూకొండల వద్ద రాగి కలవు. పూర్వులు త్రవ్విన గుంటలే తరువాతి వారికి దారి చూపినవి. బండ్లమోటు సీసపు గనిని హిందూస్థాన్ జింక్ సంస్థ కొంతకాలము నడపి మూసివేసినది. సీసపు ఖనిజము విద్యుత్తును చక్కగా పోనిచ్చును. అయినను అది రాతిలో నువ్వులు చల్లినట్లు విడివిడిగా ఉన్నపుడు సామాన్యమైన నిరోధ పరీక్షకు సరిగా చిక్కదు. అప్పుడు విద్యుత్తును పంపి, చటుక్కున ఆపి, ఆపిన పిదప నేలలో మిగిలిన ఓల్టేజి ఎంతసేపటికి క్షీణించునో కొలుతురు. దీనికి ప్రేరిత ధ్రువణ పద్ధతి అని పేరు. ఇది ఆ నువ్వుగింజలను కనిపెట్టగలదు. కాని గ్రాఫైటు ఉన్నను పరికరము అట్లే పలుకును. మన తూర్పుకనుమల రాళ్లలో గ్రాఫైటు తక్కువ కాదు.

నాలుగవది ప్రకంపన పద్ధతి. చిన్న గుంటలో మందుపేల్చి గాని, బరువైన యంత్రముతో నేలను అదిలించి గాని అలలు పుట్టింతురు. అవి వదులు మట్టిలో సెకనుకు కొన్ని వందల మీటర్లు మాత్రమే పోవును. గట్టిరాతిలో 5, 6 కిలోమీటర్లు పోవును. పొర మారిన ప్రతిచోట కొంత అల వెనుకకు మరలును. ఆ ప్రతిధ్వనులను వరుసగా అమర్చిన జియోఫోనులు విని నమోదుచేయును. ఖర్చు హెచ్చు, కాని లోతైన పొరల ఆకృతిని ఇంత స్పష్టముగా చూపునది వేరొకటి లేదు. 1956లో ఏర్పడిన చమురు సహజవాయు సంస్థ ఇట్టి సర్వేల పిదపనే 1978లో నరసాపురమున కృష్ణా గోదావరీ సీమలో తన తొలిబావిని త్రవ్వినది. ఆ పరంపరలోనే గోదావరి సీమలో గ్యాసు పరిశ్రమ వెలసినది.

ఇక ఈ కొలతలు తీయువారి శ్రమ ఎట్టిదో చెప్పుకొనవలెను. కెనడా ఉత్తర భాగములలో సర్వే బృందములు చలికాలమునకై వేచియుండును; చెరువులును చిత్తడినేలలును గడ్డకట్టిన గాని వానిపై నడువ వీలులేదు. మన డెల్టాలో వరికోతలు ముగిసి, వెనుకటి మినుము కూడ ఇంటికి చేరిన గాని పొలములలో తీగలు పరువ వీలులేదు. అచ్చట మంచును, ఇచ్చట మండువేసవిని భరింపవలెను. వరుస ఒకటే: గీత గీయుట, మేకులు పాతుట, సమాన దూరములలో కొలత తీయుట, గంట గంటకు మొదటి చోటికి మరలి వచ్చి పరికరము నిలకడగా ఉన్నదో లేదో సరిచూచుట. అయస్కాంతపు కొలత తీయువాడు జేబులోని తాళపుచెవులను, నడుమునకు కట్టిన బెల్టును దూరముగా పెట్టవలెను. సంగం జాగర్లమూడి వంటి చోట రైలుపట్టాలు, కరెంటుతీగలు, మోటారుబోర్లు ఖనిజము కంటె ముందు పలుకును. వీనినన్నిటిని వ్రాసియుంచని కొలతపుస్తకము ఎంత దళసరిగా ఉన్నను నిరుపయోగము.

ఈ సంగతులన్నియు శాస్త్రజ్ఞులకు గదా, మనకేల యని కొందరు అడుగవచ్చును. మనకే కావలెను. పొలములో నలుగురు అపరిచితులు తీగలు పరచి పెట్టెలు పెట్టినచో, సాయంకాలమునకు ఊరిలో ఒక వదంతి పుట్టును. ఒకరు నూనె పడినదందురు. మరియొకరు భూములన్నియు పోవునందురు. ఒకడు ఆశతో అప్పుచేసి ఎకరము కొనును. మరియొకడు భయముతో తాతలనాటి ఎకరమును తక్కువ వెలకు అమ్ముకొనును. కాని సర్వే యనగా ప్రశ్న మాత్రమే, తీర్పు కాదు. వేయి కొలతలు తీసిన పిదప కూడ చెప్పగలిగినది ఇంతే: ఇచ్చట తేడా కలదు, ఇచ్చట త్రవ్వి చూచుట సబబు. పది తేడాలలో తొమ్మిదింటికి కారణము బంకమట్టి గాని, గ్రాఫైటు గాని, పనికిరాని రాయి గాని కావచ్చును. ఆ పదవది యేదో తేల్చునది బోరు. సర్వే వలని లాభము నిధి దొరకుట కాదు. వ్యర్థముగా త్రవ్వవలసిన గుంటల సంఖ్య తగ్గుట.

కావున బోరుబావికై చోటు చూపించుకొను రైతు, అరచేతిలో కొబ్బరికాయ నిలిపినవానిని అడుగలేని ప్రశ్నలను పరికరము తెచ్చినవానిని అడుగవచ్చును; అడుగవలెను కూడ. ఎన్ని చోట్ల కొలిచితివి? ఈ అంకెకు ఉప్పునీరు తప్ప వేరు కారణము ఉండరాదా? ప్రక్క బావితో సరిచూచితివా? తన పని ఎరిగినవాడు ఈ ప్రశ్నలకు కోపింపడు. కొలతపుస్తకము తెరచి చూపును. అట్లే పెద్ద సంస్థలు పొలములో అడుగిడునపుడు, తాము వెదకునదేమో, అది యెంతవరకు నిశ్చయమో గ్రామస్థులకు తెలుగులో చెప్పుటయు, తొక్కిన పైరునకు వెల చెల్లించుటయు ధర్మము. నేలను అంత ఓర్పుతో ప్రశ్నించువారు, దానిని దున్ను మనుజునకు ఒక పూట సమాధానము చెప్పుట బరువు కాదు.