నా అతుకుల బొంతకు తొమ్మిది గుడ్డలు

(మన సంఘం వార్షిక సమావేశంలో ‘విశ్రాంత జీవితంలో అభిరుచులు’ అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన వారు యోగాసనాల గురించి, పెరటి తోటల గురించి చక్కగా చెప్పారు. నేను బొంత గురించి మాట్లాడతాను. దయచేసి నవ్వకండి. పత్రికల వాళ్ళు సంకీర్ణ ప్రభుత్వాన్ని వెక్కిరించాలంటే ‘అతుకుల బొంత’ అంటారు. వాళ్ళలో ఎవరూ బొంత కుట్టి ఉండరని నా నమ్మకం. కుట్టిన వాళ్ళకు తెలుసు, అతుకు సరిగా పడితే గుడ్డకు అక్కడే బలం.

నేను చేనేత, జౌళి శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. సహకార సంఘాల లెక్కలు చూడటం నా పని. లెక్కల పుస్తకాల పక్కనే తానులు ఉండేవి. అంకెలు చూసి అలసిన కళ్ళు వాటి మీదికి పోయేవి. ఆ విధంగా గుడ్డ మీద ఇష్టం ఏర్పడింది.

మన ఇళ్ళలో బొంత అంటే పాత చీరలు నాలుగు మడతలు పరచి, టాకాలు వేసి, వరసగా సూది నడపటం. బెంగాలులో దీన్ని కాంతా అంటారు, బీహారులో సుజని అంటారు, కర్ణాటకలో కౌది అంటారు. అమెరికాలో ఇదొక పెద్ద వ్యాపారం. బొంతలు కుట్టేవారి కోసమే అక్కడ ప్రత్యేకంగా గుడ్డల దుకాణాలున్నాయి. ఒక చిత్రకారిణి ఒకదానితో ఒకటి పొసిగే డిజైన్లు కొన్ని గీసి ఇస్తుంది. కంపెనీ వాటిని ఒక వరసగా అచ్చువేసి ‘కలెక్షన్’ అని పేరు పెట్టి అమ్ముతుంది. 18కి 22 అంగుళాల ముక్కలు కోసి కట్టలుగా కూడా అమ్ముతారు.

ఆ దేశాలకు మన గుడ్డ కొత్తదేమీ కాదు. 17, 18 శతాబ్దాలలో మచిలీపట్నం మొదలైన కోరమాండల్ రేవుల నుంచి అద్దకపు బట్టలు ఓడలెక్కి యూరప్ వెళ్ళేవి. ఆ ధాటికి తమ నేతగాళ్ళు తట్టుకోలేకపోతున్నారని ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టి 1759 దాకా కొనసాగించింది. ఇంగ్లండులో 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. దొరకటం కష్టమైన గుడ్డలో చిన్న ముక్కను కూడా ఎవరూ పారేయలేదు. ఉత్తర ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అనే భవనంలో 1708 నాటిదని చెప్పే అతుకుల బొంత ఒకటి ఇప్పటికీ ఉంది. అది మన దేశపు అద్దకపు గుడ్డ ముక్కలతో కుట్టినది.

ఇక అసలు సంగతికి వస్తాను. అటువంటి వరస ఒకటి నన్నే తయారు చేయమంటే అందులో ఏమేం పెడతాను? ఇది నేను చాలా రాత్రులు నిద్ర పట్టనప్పుడు ఆలోచించిన విషయం.

ముందుగా లెక్క చెబుతాను. 10 అంగుళాల చదరాలు అడ్డంగా 6, నిలువుగా 9 పెడితే 54 చదరాలు. బొంత 5 అడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు వస్తుంది. ఒక్కో గుడ్డ నుంచి 6 చదరాల చొప్పున తొమ్మిది గుడ్డలు సరిపోతాయి. కుట్టులోకి పోయేది కలుపుకుని 11 అంగుళాలకు కోయాలి. ఒక్కో రకం ముప్పావు మీటరు ఉంటే చాలు.

రెండోది పొందిక. సభలో అందరూ వక్తలే అయితే వినేవారుండరు. గుడ్డల్లోనూ అంతే. నా తొమ్మిదింటిలో గొంతెత్తి మాట్లాడేవి రెండే. మాటకు మాట కలిపేవి మూడు. మౌనంగా కూర్చుని వినేవి నాలుగు.

గొంతెత్తే వాటిలో మొదటిది పెడన కలంకారీ. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టిన గుడ్డ మీద టేకు అచ్చులతో అద్దుతారు. నలుపు రంగు ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళ నుంచి వస్తుంది. పెద్ద తీగె, పెద్ద పువ్వు ఉన్నది తీసుకుంటాను. రెండోది తేలియా రుమాల్. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ మాటిమాటికీ నానబెట్టి, ఆ తరువాత ఎరుపు, నలుపు రంగులు వేస్తారు. చీరాలలో వెలసిన ఈ పనిని నేడు నల్లగొండ ప్రాంతపు పుట్టపాక నిలబెడుతున్నది. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మాట కలిపే మూడింటిలో ఒకటి పోచంపల్లి ఇక్కత్, చిన్న డైమండ్ల నూలు గుడ్డ. మగ్గం ఎక్కక ముందే నూలుకు రంగు పడుతుంది కాబట్టి అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అచ్చువేసిన నకిలీ వెనక్కి తిప్పితే వెలవెలబోతుంది. కొనేటప్పుడు గుర్తుంచుకోండి. రెండోది నారాయణపేట గళ్ళు. మూడోది మా అమ్మ నేతచీర. దాని సంగతి మళ్ళీ చెబుతాను.

మౌనంగా ఉండే వాటిలో మొదటిది మంగళగిరి సాదా గుడ్డ, నీలిమందు రంగు. రెండోది పొందూరు ఖద్దరు, చలువ చేయనిది. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, సన్నగా వడికిన నూలు అది. మూడోది మావారి ఆఫీసు చొక్కాలు, లేత నీలం. తొమ్మిదోది నేను ఎంచను. ఆ బొంత ఎవరు కప్పుకుంటారో వాళ్ళు తమకు ఇష్టమైన సాదా గుడ్డ తెచ్చి కలపాలి.

రాష్ట్రం 2014లో రెండయింది గాని, నా బొంతలో రెండు రాష్ట్రాలూ పక్కపక్కనే ఉన్నాయి.

అమ్మ చీర, మావారి చొక్కాలు అన్నాను. వీటిని కోయవచ్చా అన్నదే మనలో చాలామందికి ఎదురయ్యే ప్రశ్న. మావారు పోయి ఆరేళ్ళయింది. బట్టలు చాలావరకు ఇచ్చేశాం. ఆరు చొక్కాలు మాత్రం బీరువాలో మిగిలాయి. అబ్బాయి ఎవరికైనా ఇచ్చేయమంటాడు. అమ్మాయి అలాగే ఉంచమంటుంది. ఉంచితే ఏమవుతుంది? నాకు వాటిని చూస్తే ఆయన ఉదయం తొమ్మిదింటికి గుండీలు పెట్టుకుంటూ కాఫీ అడగటం గుర్తొస్తుంది. నా తరువాత ఆ బీరువా తెరిచే వాళ్ళకు అవి ఆరు పాత చొక్కాలు. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె ఒక గిన్నె ఇచ్చి మూట కట్టుకుని పోతుంది. ఆమె తప్పేమీ లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు కదా.

అమ్మ చీర ఒక్కటే ఉంది. మేం అక్కచెల్లెళ్ళం ముగ్గురం. మడతల దగ్గర ఇప్పటికే చీలుతోంది. ఐదున్నర మీటర్ల చీరలో చీలిన చోటు వదిలేసినా ముగ్గురికీ ఆరేసి చదరాలు వస్తాయి. మొత్తంగా దాస్తే అది ఒక్కరిది, కోస్తే ముగ్గురిదీ. చొక్కాలదీ అదే లెక్క. ఒక్కో చొక్కా వీపు నుంచి ఒక చదరం. ఇద్దరు పిల్లలకూ నేను చెప్పిన మాట ఒకటే. ఇది పారేయటమూ కాదు, దాచటమూ కాదు, వాడుకోవటం. ఇద్దరూ ఒప్పుకున్నారు.

కుట్టదలచిన వారికి నాలుగు మాటలు. కొత్త చేనేత గుడ్డను కోసే ముందే ఉతికి ఆరేయండి, కుదించుకుపోవలసింది అప్పుడే పోతుంది. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడండి. పట్టునూ జరీనీ నూలుతో కలపకండి. ఉతుకు వేరు, బరువు వేరు, జరీ ఒంటికి గీసుకుంటుంది. పట్టు చీరల ముక్కలతో దిండు గలీబులు కుట్టుకోవచ్చు. చదరాలన్నీ మంచం మీద పరచి కళ్ళజోడు తీసి చూడండి. ఎక్కడ చీకటి గుంపుగా కనిపిస్తుందో అక్కడ ఒక లేత రంగు పెట్టండి. మన వయసు వాళ్ళకు ఈ పరీక్ష సులువు!

చివరగా ఒక మనవి. సూదిలో దారం ఎక్కించటానికి చూపు ఆనని వారూ, వేళ్ళు వంగని వారూ మనలో ఉన్నారు. ఒక్కరే కుడితే నెలలు పడుతుంది. నలుగురు నాలుగు అంచుల దగ్గర కూర్చుంటే పని నడుస్తుంది, మాటలూ నడుస్తాయి. శనివారం మధ్యాహ్నాలు మన సంఘం హాలు ఖాళీగానే ఉంటుంది. అధ్యక్షుల వారు అనుమతిస్తే వచ్చే శనివారమే మొదలుపెడదాం. ప్రతివారూ ఇంట్లో మూలనున్న గుడ్డ ఒకటి తీసుకురండి. అది ఎవరిదో, ఎప్పటిదో ఒక చీటీ మీద రాసి దానికి పిన్ను పెట్టి తెండి. చీటీ లేకపోతే అది ఉట్టి గుడ్డే. మగవారికీ ఆహ్వానమే. అంగుళాలు కొలవటానికి, కత్తిరించటానికి లెక్క తప్పని వాళ్ళు కావాలి. మన సంఘంలో ఎకౌంట్సు వారికి కొదవ లేదు.