మదుపు సలహా చెప్పేవారికి శిక్షణ ఎంత?
(కుమ్హారిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఖారున్ నది దాటి రాయపూర్ నుండి భిలాయి వైపు సాగే రైలు మార్గం మీద ఉన్న ఈ కుమ్హారిలో తెలుగు మాట వినబడడం ఎవరికీ వింత కాదు. రాయపూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తి కావడంతో ఆంధ్ర తీరానికీ ఈ సీమకూ దారి ఏర్పడినది. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి మొదలయ్యేనాటికి దారితోపాటు పని కూడా ఏర్పడినది. ఆ తరువాత మూడు తరాల వారు ఇక్కడ, చరోదా యార్డులో, చుట్టుపక్కల తపాలా కార్యాలయాలలో పనిచేసి పదవీ విరమణ చేశారు, ఇంకా చేస్తున్నారు.

జీతభత్యాలు, పెన్షన్ల గురించి మాట్లాడవలసిన వేదిక మీద మ్యూచువల్ ఫండ్లను సిఫారసు చేసేవారి శిక్షణతో మనకేమి పని అని మీలో కొందరికి తోచవచ్చును. పని ఉన్నది. గ్రాట్యుటీ, భవిష్యనిధి, కమ్యుటేషను, మూడు వందల రోజుల వరకు సెలవు జీతం, ఇవన్నీ కలిపితే ఉద్యోగి తన జీవితంలో ఒకేసారి చూసే అతి పెద్ద మొత్తం అదే. గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితియే 2024 జనవరి 1 నుండి 25 లక్షల రూపాయలైనది. ఆ సొమ్ము బ్యాంకులో పడిన వారంలోనే ఇంటికి వచ్చి కూర్చునే పెద్దమనిషి ఏమి చదివినాడు, ఎవరి దగ్గర పని నేర్చినాడు, అతనికి ప్రతిఫలం ఎవరిస్తున్నారు? ఇవి మన సంఘానికి సంబంధించిన ప్రశ్నలే. పైగా 2004 జనవరి 1న, ఆ తరువాత చేరిన వారిలో అత్యధికుల పెన్షను సొమ్ము జాతీయ పెన్షను పథకం ద్వారా ఇదివరకే మార్కెట్టులో ఉన్నది. మార్కెట్టు మన గడప తొక్కలేదని అనుకొనే రోజులు పోయినవి.

రెండవ కారణం ఇంకా దగ్గరిది. 2025 ఆగస్టులో తపాలా శాఖకూ, ఫండు సంస్థల సంఘమైన ఆంఫీకీ ఒక ఒప్పందం కుదిరినది. దాని ప్రకారం తపాలా సిబ్బంది శిక్షణ పొంది, ఫండ్ల పంపిణీదారులుగా ప్రజల వద్దకు వెళ్లవలసియుంటుంది. అనగా ఇకమీదట సలహా వినేవాడూ మనవాడే, చెప్పేవాడూ మనవాడే.

ఇప్పుడున్న శిక్షణ ఏమిటో చూద్దాం. 1995లో ఏర్పడిన ఆంఫీ మొదట తానే పంపిణీదారులకు పరీక్ష పెట్టేది. 2010 జూన్ 1 నుండి ఆ బాధ్యత సెబీ స్థాపించిన జాతీయ సెక్యూరిటీల మార్కెట్ల సంస్థకు వెళ్లినది. నిస్మ్ అని వాడుక. అయిదవ శ్రేణి-ఏ అనే ఈ పరీక్షలో వంద ప్రశ్నలు, రెండు గంటల వ్యవధి. సగం మార్కులు వస్తే ఉత్తీర్ణత. తప్పు జవాబుకు కోత లేదు. యోగ్యతాపత్రం మూడేండ్లు చెల్లుతుంది. ఆ తరువాత మళ్లీ పరీక్ష వ్రాయవచ్చును, లేదా ఒక్కరోజు శిక్షణ తరగతికి హాజరై పొడిగించుకొనవచ్చును. పాఠ్యాంశాలు చెడ్డవి కావు. ఫండు నిర్మాణం, యూనిట్ విలువ లెక్కించే తీరు, పన్నులు, నష్టభయపు కొలతలు అన్నీ అందులో ఉన్నవి. ఇంతమాత్రమైనా లేని కాలంకన్నా ఇది మేలేనని ఒప్పుకుంటాము.

ఆ కాలం ఎటువంటిదో మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. యూనిట్ ట్రస్టు వారి యు.ఎస్.-64 పథకం 1964లో మొదలై, ప్రభుత్వం వారి డిపాజిట్టుతో సమానమన్న నమ్మకంతో లక్షలాది మధ్యతరగతి ఇండ్లలో చేరినది. యూనిట్ ధరను సంస్థ ప్రకటించేది. దాని వెనుక ఉన్న ఆస్తుల విలువకూ ఆ ధరకూ పొత్తు తెగిపోయిన సంగతి అమ్మిన ఏజెంటుకూ తెలియదు, కొన్న గుమాస్తాకూ తెలియదు. 2001 జూలై 2న ఆరు నెలలపాటు అమ్మకాలు, తిరుగు కొనుగోళ్లు నిలిపివేసినప్పుడు గాని అది బయటపడలేదు. ఏజెంట్లు మోసగాళ్లు కారు. వారికి చెప్పినవారు లేరు. తెలియనివాడు నమ్మకంగా చెప్పే మాట దొంగ చెప్పే మాటకన్నా ఎక్కువ ఇండ్లలో చెల్లుబాటవుతుంది. చదువు అవసరమని మేము అనడానికి మొదటి సాక్ష్యం అదే.

అయితే పరీక్ష వస్తువును గురించిన జ్ఞానాన్ని కొలుస్తుంది. ఎదుట కూర్చున్న మనిషిని గురించి అడిగే అలవాటును అది నేర్పదు. రైల్వే సోదరులకు ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. నిబంధనల పుస్తకం కంఠస్థం వచ్చినంత మాత్రాన ఎవరినైనా ఇంజను ఎక్కించి సెక్షనులోకి పంపుతారా? ముందు సహాయకుడుగా పనిచేయాలి. కొత్త మార్గమైతే అనుభవజ్ఞుని పక్కన నిలబడి ప్రతి సిగ్నలు ఎక్కడున్నదో, ఏ మలుపులో కనబడదో, పగలూ రాత్రీ చూసి నేర్చుకోవాలి. ఆ పైన దారి తెలిసినదని సంతకం చేయాలి. గడువు ప్రకారం రిఫ్రెషరుకు మళ్లీ బడికి పోవాలి. ఒక కుటుంబం జీవితకాలపు సొమ్మును నడిపే పనికి ఇందులో పదో వంతు కూడా లేదు. భార్య మందుల ఖర్చు ఎంత, కూతురి పెళ్లి ఎప్పుడు, ఇంటి అప్పు మిగిలియున్నదా, మార్కెట్టు పడిపోయిన రోజున ఈ మనిషి నిద్రపోగలడా, ఈ ప్రశ్నలను అనుభవజ్ఞుని పక్కన కూర్చుని పది ఇండ్లలో వింటేగాని అడగడం రాదు.

బ్రిటనులో 2012 డిసెంబరు 31 నుండి అమలైన సంస్కరణ ఇక్కడ చెప్పుకోదగినది. సలహాదారులు కొత్త మదుపు సిఫారసులపై ఫండు సంస్థల నుండి కమీషను తీసుకోరాదన్నారు. అర్హత స్థాయి పెంచారు. ఏటా 35 గంటల చదువు తప్పనిసరి చేశారు. ఫీజు చెల్లించలేని చిన్న మదుపరులు సలహాకు దూరమైనారన్న విమర్శ అక్కడ ఉన్నది. అది కొట్టిపారవేయదగినది కాదు.

మన దేశంలో సెబీ 2013లో మదుపు సలహాదారుల నిబంధనలు తెచ్చి, రెండు జాతులను వేరుచేసినది. సలహాదారు మదుపరి నుండి ఫీజు తీసుకొని, మదుపరి మేలుకే కట్టుబడియుండాలి. అతడు పట్టభద్రుడై, వేరుగా రెండు పరీక్షలలో నూటికి అరవై మార్కులు తెచ్చుకోవాలి. పంపిణీదారు ఫండు సంస్థ నుండి కమీషను తీసుకుంటాడు. మన ఇండ్లకు వచ్చేవారిలో నూటికి తొంభై మందికి పైగా రెండవ జాతివారేనని మా అంచనా. అయినా మన నోట ఇద్దరూ సలహాదారులే.

ఈ తేడా కాగితం మీదది కాదు. 20 లక్షలు పదేండ్లపాటు ఏటా పది శాతం చొప్పున పెరిగితే దాదాపు 51 లక్షల 87 వేలు అవుతుంది. ఖర్చుల కింద ఒక శాతం పోయి తొమ్మిది శాతమే పెరిగితే 47 లక్షల 35 వేలు. తేడా నాలుగున్నర లక్షలు. ఇంత వృద్ధి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. లెక్క తెలియడానికే చెబుతున్నాము. కమీషను లేని డైరెక్ట్ పథకాలు 2013 జనవరి 1 నుండి ఉన్నవి. సరైన సలహా చెప్పి, కష్టకాలంలో పక్కన నిలిచేవానికి కూలి దక్కవలసినదే. శ్రామికులమైన మనం కూలి వద్దనము. ఆ కూలి ఎంతో, ఎవరి జేబు నుండి వస్తున్నదో ముందుగా చెప్పాలంటున్నాము.

మరొక సంగతి. 2011 డిసెంబరు 1 నుండి తపాలా పొదుపు ఏజెంట్లకు ప్రజా భవిష్యనిధి, వృద్ధుల పొదుపు పథకాలపై కమీషను రద్దయినది, మరికొన్నింటిపై సగమైనది. 2012 సెప్టెంబరులో సెబీ తపాలా ఏజెంట్లనూ, పదేండ్ల సర్వీసు గల విశ్రాంత ప్రభుత్వోద్యోగులనూ, ఉపాధ్యాయులనూ సరళమైన ఫండ్లు అమ్మడానికి ఆహ్వానించినది. వారికి అంతకన్నా చిన్న పరీక్ష పెట్టినది. ఒకచోట కూలి తగ్గించి మరొకచోట చూపించడం కాకతాళీయమేనా అన్న ప్రశ్నను మీకే వదులుతున్నాము.

తపాలా సోదరుల విషయంలో మా ఆందోళన ఇది. పోస్టుమాన్ చెప్పిన మాటను పల్లె ప్రభుత్వం మాటగా వింటుంది. ఇన్నాళ్లు అతడు తెచ్చిన పొదుపు పత్రంలో వడ్డీ అచ్చయి ఉండేది, అసలుకు ప్రభుత్వం పూచీ ఉండేది. అదే సంచిలో నుండి అతడు ఫండు పత్రం తీసినప్పుడు ఈ రెండూ ఉండవు. ఈ తేడాను ఛత్తీస్‌గఢీలో అడిగిన ముసలమ్మకు ఛత్తీస్‌గఢీలోనూ, తెలుగులో అడిగిన గ్యాంగుమాన్ భార్యకు తెలుగులోనూ చెప్పగలిగినప్పుడే శిక్షణ పూర్తయినట్లు. నష్టం వచ్చిన రోజున ఫండు సంస్థ ముంబయిలో ఉంటుంది. పోస్టుమాన్ మరుసటి ఉదయం అదే వీధికి ఉత్తరాలు పంచడానికి పోవాలి.

అందుచేత శిక్షణ దినాలను డ్యూటీగా లెక్కించాలనీ, పరీక్ష రుసుమును శాఖయే భరించాలనీ, పరీక్ష తరువాత కొన్ని మాసాలు అనుభవజ్ఞుని పర్యవేక్షణలో పని నేర్పాలనీ, ఫండ్ల అమ్మకానికి నెలవారీ లక్ష్యాలు విధించరాదనీ మేము కోరుతున్నాము. లక్ష్యం ఉన్నచోట సలహా ఉండదు. మార్చి నెలలో ఖాతాలు తెరిపించడానికి పరుగులెత్తిన ప్రతి ఉద్యోగికీ ఇది తెలుసు.

పదవీ విరమణ దగ్గరపడిన సభ్యులు ఈలోగా చేయదగిన పని ఒకటున్నది. ఇంటికి వచ్చినవారిని మూడు విషయాలు అడగండి: మీరు పంపిణీదారా, సెబీ వద్ద నమోదైన సలహాదారా? ఈ సొమ్ముపై మీకు ఏటా వచ్చేది ఎంత? ఈ ఫండు నష్టభయపు మీటరులో ఆరు మెట్లలో ఏ మెట్టు మీద ఉన్నది? పంపిణీదారు అయితే ఆంఫీ నమోదు సంఖ్య ఉంటుంది. దానిని వ్రాసుకొని, గడువు చెల్లిపోలేదని సరిచూసుకొన్న తరువాతనే చెక్కు పుస్తకం తీయండి.