ఆగిపోయిన బండి



యంత్రాల భద్రత చూసే కొలువులో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. అందుకే ఈ రోజు పట్టభద్రులైన మీతో రోలర్ కోస్టర్ గురించి మాట్లాడాలనుకున్నాను. అది ఎందుకు పరుగెడుతుందో మీకు మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలోనే చెప్పారు. ఎందుకు ఆగిపోతుందో నేను చెబుతాను.

గంటసేపు క్యూలో నిలబడి తీరా గేటు దగ్గరికి వచ్చేసరికి 'తాత్కాలికంగా మూసివేశాం' అని బోర్డు పెడతారు. పక్కనున్న పిల్లవాడి ముఖం చిన్నబోతుంది. 'పాడైపోయిందిరా, పద' అంటాడు తండ్రి. ఆ 'పాడైపోయింది' అన్న మాట చాలాసార్లు నిజం కాదు.

పెద్ద కోస్టర్ మీద ఒకేసారి రెండు మూడు బండ్లు తిరుగుతుంటాయి. అందుకని దారిని బ్లాకులుగా విడగొడతారు. ఒక బ్లాకులో ఒక్క బండే ఉండాలి. ముందు బండి దాటిపోయిందని సెన్సార్లు రూఢి చేసేదాకా వెనక బండిని బ్రేకులు వదలవు. ఇది రైల్వేల నుంచి వచ్చిన పద్ధతి. 2022 మార్చిలో మన సికింద్రాబాద్ డివిజన్‌లో, గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య, రైళ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ వ్యవస్థను పరీక్షించారు. రైల్వే మంత్రి ఎక్కిన ఇంజను ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. ఆ ఆగడాన్ని దేశమంతా మెచ్చుకుంది. కోస్టర్ చేసేదీ అదే పని.

ఆ బ్రేకుల గుణం కూడా చూడండి. చాలా కోస్టర్లలో గాలి ఒత్తిడి బ్రేకును తెరుస్తుంది, మూయదు. కరెంటు పోయినా, గొట్టం చిల్లు పడినా బ్రేకు దానంతటదే పట్టేస్తుంది. లారీ డ్రైవర్ల పిల్లలు మీలో ఉంటే వాళ్లకు తెలిసే ఉంటుంది, గాలి ఎక్కనిదే లారీ అంగుళం కదలదు. ఇక ఒక సెన్సారు ఒకటి చెప్పి, రెండోది ఇంకోటి చెబితే, ఎవరిది నిజమో తేల్చే బాధ్యత కంప్యూటరు తీసుకోదు. ఆపేస్తుంది. స్టేషన్లో ఎవరిదో బెల్టు పడక ఆలస్యమైతే వెనక బండి ఆగుతుంది. చలికి గ్రీజు గట్టిపడితే బండి మందగిస్తుంది, గాలి హద్దు మీరితే అసలు నడపరు.

మరి యంత్రం సరిగ్గా ఆగినా ప్రమాదం ఎలా జరుగుతుంది?

ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ అనే పార్కు ఉంది. అక్కడి స్మైలర్ కోస్టర్ మనిషిని 14 సార్లు తలకిందులు చేస్తుంది. 2015 జూన్ 2న ముందుగా ఒక ఖాళీ బండిని పరీక్షకు పంపారు. ఆ రోజు గాలి బలంగా వీస్తోంది. ఖాళీ బండి ఎత్తు ఎక్కలేక, పల్లంలో నిలిచిపోయింది. దాని వెనక 16 మంది ఎక్కిన బండిని కంప్యూటరు పైనే ఆపేసింది. దారి ఖాళీగా లేదని చెప్పింది. అది నిజం. కింద ఉన్న ఇంజనీర్లు మాత్రం దారి ఖాళీయే, చెడింది కంప్యూటరే అనుకున్నారు. ఆ రోజు అదనంగా ఇంకో బండిని పట్టాల మీదికి తెచ్చిన సంగతి వాళ్లకు తెలియదు. కంప్యూటరును పక్కకు నెట్టి బండిని వదిలారు. అది వెళ్లి ఖాళీ బండిని గుద్దింది. ఇద్దరు అమ్మాయిలు చెరొక కాలు పోగొట్టుకున్నారు. వాళ్లు మీ ఈడు పిల్లలే.

2016లో కోర్టు ఆ పార్కును నడిపే సంస్థకు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. తప్పును ఆ ఇంజనీర్ల నెత్తిన రుద్ది వదిలేయలేదు. తొందరలో ఉన్నవాళ్లు ఏం చేయాలో, ఎవరిని అడగాలో చెప్పే పద్ధతే అక్కడ లేదని తేల్చింది. ఆ తీర్పు గురించి తెలుసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ ఇంజనీర్ల స్థానంలో నేనూ ఒకసారి నిలబడ్డాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక కర్మాగారంలో కన్వేయర్ మాటిమాటికీ ట్రిప్ అవుతోంది. లోడు కోసం బయట లారీలు బారులు తీరాయి. సెన్సారే చెడిందనుకుని, వైరు ముక్కతో దాన్ని బైపాస్ చేసి నడిపించాను. ఇరవై నిమిషాలకు బెల్టు నిలువునా చీలింది. సెన్సారు చెప్పింది నిజమే, బెల్టు పక్కకు జరుగుతూనే ఉంది. ఆ సమయంలో దాని కింద మనిషి లేకపోవడం నా పుణ్యం కాదు. ఆ వైరు ముక్క చాలా ఏళ్లు నా టేబులు సొరుగులోనే ఉంది.

సెన్సారు చూడలేనివీ ఉంటాయి. 2023లో అమెరికాలోని కారోవిండ్స్ పార్కులో, 325 అడుగుల ఫ్యూరీ కోస్టరును మోసే ఒక స్తంభం పగిలింది. బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. కింది నుంచి తలెత్తి చూసిన ఒక సందర్శకుడు ఆ బీటను గమనించి, వీడియో తీసి, పార్కువాళ్లకు చెప్పాడు. అప్పుడు ఆపారు. స్తంభం మార్చి, పరీక్షించి, ఆగస్టులో తెరిచారు. ఆయన డ్యూటీలో లేడు, చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయినా అడిగేవాళ్లు లేరు. మీరు ఎక్కడ కొలువు చేసినా, ఆయనలా వచ్చి చెప్పేవాళ్ల మాట నిలబడి వినండి, వాళ్లు హెల్పర్లయినా సరే, స్వీపర్లయినా సరే.

ఆ ప్రమాదం తర్వాత ఆల్టన్ టవర్స్‌లో, ఆగిన బండిని పైవాళ్ల అనుమతి లేనిదే మళ్లీ వదలకూడదని నియమం పెట్టారు. బాగా నడిచే ప్రతి పార్కులోనూ గేట్లు తెరవకముందే మెకానిక్కులు పట్టాలు, బోల్టులు, చక్రాలు చూసుకుంటారు. ఆ తర్వాత బండిని వదిలి, కింద నిలబడి దాని చప్పుడు వింటారు. పొద్దున్నే వెళ్లే ఆ మొదటి బండిలో ఎవరూ ఉండరు.