కిరాయి రసీదు

 

ఇల్లు ఖాళీ చేసిన నాలుగేళ్లకు పాత ఇంటి యజమాని నాకు ఆరు నెలల కిరాయి బాకీ ఉందంటూ వకీలు నోటీసు పంపాడు. పరువు పోతుందని మా ఆవిడ గాజులు కుదువ పెడదామన్నది. నేను వద్దన్నాను. ట్రంకుపెట్టెలో నాలుగు నెలల రసీదులు దొరికాయి. మిగిలిన రెండు నెలలకు డబ్బు చేతికిచ్చి, మొహమాటంతో రసీదు అడగలేదు. ఆ తప్పు నాదే.

రసీదుల నకళ్లు జతచేసి జవాబిచ్చాను. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం కిరాయి బాకీకి గడువు తేదీ నుండి మూడేళ్లలోగా దావా వేయాలని కూడా రాయించాను. మళ్లీ ఉత్తరం రాలేదు.

నిజంగా బాకీ ఉంటే మూడేళ్లు దాటినా తీర్చండి. లేని బాకీకి భయపడి మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. కిరాయి ఇచ్చిన చేత్తోనే రసీదు తీసుకోండి.