ప్రపంచపు గొప్ప నవలలు – ఏరుకొను తీరు



స్పెయిను దేశీయుడైన సెర్వాంటీసు 1605లో ప్రకటించిన ‘డాన్ క్విక్సోటు’ నవలలో, ఆఱవ అధ్యాయమున, పుస్తకములకు విచారణ జరుగును. వీరగాథలు చదివి చదివి మతి చలించిన యజమాని నిద్రించుచుండగా, ఊరి మతగురువును మంగలియు నతని గ్రంథములను దించి, ఉంచదగిన దేది, కాల్చదగిన దేది యని తర్కింతురు. మేనకోడలు అన్నింటిని కాల్పుమనును. కొన్నింటికి న్యాయమే జరిగినది. కాని గురువుగారికి విసుగు పుట్టి, పెద్ద సంపుటములను చూడకుండనే దొడ్డిలోనికి విసరి వేయుమనెను. ఇతరులకొఱకు పుస్తకములేరు వారి కీ విసుగు తప్పదు కాబోలు.

ఆంగ్ల రచయిత సోమర్సెట్ మామ్ పది నవలలను ఏర్చి, వానిపై 1954లో ఒక గ్రంథమునే ప్రకటించెను. అందు ఆంగ్ల భాషలోనివి అయిదు, ఫ్రెంచివి మూడు, రష్యనువి రెండు. ‘డాన్ క్విక్సోటు’ లేదు. పదునొకండవ శతాబ్ది తొలినాళ్ల జపానులో మురసాకి షికిబు అను స్త్రీ రచించిన ‘గెంజి కథ’కు గాని, ఆసియాలోని మఱి యే నవలకు గాని ఆ పంక్తిలో విస్తరి వేయలేదు. మామ్ రసికుడే. అయినను ఎవరి యాకలి వారిది.

ఆ పట్టికనే నమ్మి, సముద్రమెఱుగని పల్లె పాఠకుడు మెల్విల్ రచించిన ‘మోబీ డిక్’ (1851)తో ప్రారంభించెననుకొందము. తిమింగలముల జాతిభేదములను వివరించు అధ్యాయము వచ్చుసరికి పుస్తకము బీరువాకు తిరిగి చేరును. పుస్తకమునకు వచ్చిన నష్టము లేదు. గొప్ప నవలలు తనవంటి వానికి కావని యాతడు నిశ్చయించుకొనుటయే నష్టము.

కావున తన బ్రదుకునకు దగ్గఱి నవలతో మొదలిడుట మేలు. పొలము, పన్ను, దస్త్రము ఎఱిగినవారికి గొగోలు 1842లో ప్రకటించిన ‘మృతజీవులు’ను మించినది లేదు. నాటి రష్యాలో భూస్వామి తన క్రింది బానిస రైతులకు తలపన్ను కట్టవలెను. మరల జనాభా లెక్క జరుగువఱకు చచ్చినవాడును దస్త్రములో బ్రదికియే యుండును. వాని పన్నును తప్పదు. చిచికోవ్ అనువాడు ఊరూరం దిరిగి ఈ చచ్చినవారిని కొనును. కాగితముపై వారిని సజీవులుగా చూపి, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుట వాని యెత్తు. కొరోబొచ్కా యను వితంతువు, తక్కువకు అమ్మి మోసపోతినేమో యని బెంగపడి, చచ్చినవారి బజారు ధర కనుగొనుటకు బండి కట్టించుకొని పట్టణమునకు పోవును. సొబాకెవిచ్ తలకు నూఱు రూబుళ్లని బేరమారంభించి, చచ్చినవారి పనితనమును పొగడి పొగడి, రెండున్నరకు దిగును. బినామీ పేర్లు, దొంగ కాగితములు చూచిన యూరిలో దీనికి వ్యాఖ్యాన మక్కఱలేదు. అయితే ఆ వడ్రంగి పేరు, ఆ చెప్పులు కుట్టువాని పేరు వరుసగా చదువుచుండగా, ఏలనో నవ్వు ఆగిపోవును. గొగోలు గొప్పతన మక్కడ నున్నది.

కఱవెఱిగినవారికి పెర్ల్ బక్ రచించిన ‘ది గుడ్ ఎర్త్’ (1931) కలదు. చీనా రైతు వాంగ్ లంగ్ కుటుంబముతో దక్షిణపు పట్టణము చేరి, ఆలుబిడ్డలు బిచ్చమెత్తు స్థితి వచ్చినను, భూమి నమ్మడు. ‘మాలపల్లి’ చదివినవారు హ్యూగో రచించిన ‘లే మిజరబుల్స్’ (1862)ను తీసికొనవచ్చును. రొట్టె దొంగిలించి, పాఱిపోజూచిన నేరములతో కలిపి పందొమ్మిదేండ్లు చెఱననుభవించినవాని కథ యది. పారిసు మురుగుకాలువల చరిత్రను తొలిసారి దాటిపోయినను దోషము లేదు. వాటర్లూ యుద్ధమును మాత్రము దాటరాదు; శవములను దోచువాడొకడు దాని చివరనే కనబడును, కథకు వాడు కావలెను.

టాల్‌స్టాయి రచించిన ‘యుద్ధము–శాంతి’ని కోతలు ముగిసి, తీరిక చిక్కిన పిదప పట్టవలెను. అందలి పాత్రలు అయిదువందలకు పైబడినవి. పియేరు, ప్యోత్ర్ కిరిల్లోవిచ్, బెజూఖవ్ – ముగ్గురు కారు, ఒక్కడే. కిరిల్లోవిచ్ అనగా కిరిల్ కుమారుడు, బెజూఖవ్ ఇంటిపేరు. కుటుంబముల వరుస నొక చీటిపై వ్రాసికొన్నచో తికమక తీఱును. పుస్తకము తిరిగి యిచ్చునపుడు ఆ చీటిని అందే యుంచినచో తరువాతి పాఠకునకును పనికివచ్చును.