అరుగుమీది పెద్దలు

పాతబస్తీ గల్లీలలో ఇంటిముందరి అరుగును చబుత్రా అందురు. ఒకప్పుడు తాతలు దానిపై కూర్చుండెడివారు. ఏ పిల్లవాడు ఎప్పుడు ఇల్లు చేరెనో వారికి తెలియును. టెలివిజన్ వచ్చి పెద్దలను లోనికి పిలిచినది. అరుగు కుఱ్ఱవాండ్రకు మిగిలినది.

2015లో పోలీసులు ‘ఆపరేషన్ చబుత్రా’ పేర అర్ధరాత్రి అరుగులపై నున్న యువకులను కొనిపోయి, తల్లిదండ్రుల యెదుట మందలించి పంపిరి. మంచిదే. కాని మఱునాటి రాత్రి సంగతి ఏమి?

మత్తు అనగానే గంజాయి తలపునకు వచ్చును. కాని బీదపిల్లల చేతికి ముందుగా అందునది, వ్రాతలో తప్పులు దిద్దుకొను వైట్‌నర్. దాని ఆవిరి పీల్చినచో కొన్ని నిమిషములు మైకము. ఒక్కొక్కప్పుడు గుండె లయ తప్పి అక్కడికక్కడే మరణము. 2012లో కేంద్రప్రభుత్వము సీసాలలో దాని చిల్లర అమ్మకమును నిషేధించినది. బాలలకు మత్తుపదార్థము ఇచ్చినవారికి 2015 నాటి బాలల న్యాయచట్టము 7 ఏండ్లవరకు కఠినశిక్ష విధించును. అయినను చట్టము దుకాణము చేరుటకు ముందే ఎదురింటివారు చూడగలరు గదా! అలవాటుపడిన బాలుని కొట్టి ప్రయోజనము లేదు. 14446కు ఫోను చేసినచో సలహా ఉచితముగా లభించును.

మా గల్లీలో మేము నలుగురము రాత్రి భోజనమైన పిదప అరుగుమీద కూర్చుండ నారంభించితిమి. మొదటివారము పిల్లలు లేచిపోయిరి. ఇప్పుడు జరిగి చోటిచ్చుచున్నారు.